పాపిడి

ఇరవై ఒక్క తీగలు.
ఒక్కొక్కదానికీ తలమీద ఓ చోటుంది.
టేపుతో కొలిచి, ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టి,
దువ్వెన కొసతో జుట్టు పాయ తీసి,
మాడు చర్మం కనపడ్డాక
జిగురు ముద్దలో తీగ కొసని ఒత్తాలి.

వాల్పరైసోలో, ఈ ఆసుపత్రి నాలుగో అంతస్తులో
రాత్రి తొమ్మిదింటికి నా పని ఇలా మొదలవుతుంది.
కింద రేవులో క్రేన్లు పెట్టెలు దించుతుంటాయి.
ఇక్కడికి నిద్ర రానివాళ్లు వస్తారు,
వచ్చిన నిద్ర ఆగనివాళ్లు వస్తారు.
అందరూ ఇంట్లోంచి తమ దిండే తెచ్చుకుంటారు.

ఏడేళ్లు వైద్యం. మూడేళ్లు నరాల శాఖ.
ఆపైన ఇది కావాలని అర్జీ పెడితే
ప్రొఫెసర్ ఉర్రుటియా కళ్లజోడు తీసి అడిగారు:
"పక్షవాతం ఉంది, మూర్ఛ ఉంది, గడ్డలున్నాయి.
మెలకువగా ఉన్న మెదడే సగం అర్థం కాలేదు మనకి.
నిద్రపోయేదాంతో నీకేం పనమ్మా?"
ఏవో పరిశోధనా పత్రాల పేర్లు చెప్పాను.
అబద్ధం కాదు.
నిజమూ కాదు.

నిజం పేరు డగోబెర్తో, మా మేనమామ.
కొండ మలుపులో పసుపు రేకుల గోడ,
రెండు కుర్చీల క్షవరశాల,
రేడియోలో ఎప్పుడూ ఎవరో గోల్ కొడుతుండేవారు.
నిద్ర సుఖమెరుగదంటారు;
ఆయన నిద్ర వేళనే ఎరగదు.
సబ్బు నురగ కలుపుతూ కునికేవాడు,
చిల్లర లెక్కపెడుతూ కునికేవాడు.
దాన్నైనా జనం ఓర్చుకున్నారు.
ఓడ కళాసి ఎవరో జోకు చెప్పేవాడు చూడండీ,
మామయ్యకి ముందు గడ్డం జారేది,
తర్వాత రెప్పలు, తర్వాత మోకాళ్లు.
దండెం తెగిన చొక్కాలా నేలకి వాలేవాడు.
నిమిషంలో లేచి, కత్తెక్కడ పడిందో వెతుక్కునేవాడు.

తాగాడంది వీధి.
దిష్టంది అత్త.
నాకు తొమ్మిదేళ్లు. పక్కన గొంతుక్కూర్చుని
"వినిపిస్తోందా మామయ్యా?" అని అడిగాను.
లేచాక చెప్పాడు:
"అంతా విన్నానే. జోకు కూడా, చివరిదాకా."

ఆ ఏడాదే నవ్వడం మానేశాడు.
మంచి జోకు వస్తోందని తెలిస్తే చాలు
కుళాయి తిప్పేవాడు, రేడియో గొంతు పెంచేవాడు.
ముందు కళాసులు పోయారు.
ఆ వెనక రెండో కుర్చీ.

ఇవాళ మూడో మంచం ఆయనది.
ఒప్పించడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది,
అందులో పది నేను డాక్టర్ని కావడానికే.
నేను పాయలు తీస్తుంటే చేత్తో తడిమి చూసుకున్నాడు.
"ఇదేం పాపిడే, మా కొండ మెట్లలాగా?"
"పాపిడి కాదు, సీ-త్రీ అంటారు దీన్ని."
"ఏమన్నా అను. వంకరే."
నా చేతిలోంచి దువ్వెన లాక్కుని
తన తలమీద తానే, అద్దం లేకుండా, ఒక్క గీత గీశాడు.
నా ఎర్ర చుక్క సరిగ్గా ఆ గీతమీద.

ఆపుకోలేక నవ్వేశాను.
నా నవ్వు చూసి ఆయన చూపు కుళాయిని వెతికింది.
ఈ గదిలో కుళాయి లేదు.

గడ్డం జారింది. రెప్పలు. మెడ దిండులోకి.
తెరమీద గీతలు మాత్రం మెలకువ అనే రాస్తున్నాయి.
ఇప్పుడు సుత్తి తీయాలి నేను.
మోకాలి చిప్ప కింద కొట్టాలి,
కాలు పలకకపోతే అదే జబ్బు.
పరీక్షలో ఈ జవాబుకే నాకు పూర్తి మార్కులు.
కొట్టాను.
పలకలేదు.
ఇంకోసారి.
పదకొండూ ఇరవై రెండు అని కాగితంమీద రాశాను.
ఆ ఇరవై రెండు నా దస్తూరీలా లేదు.

తర్వాత చెవి దగ్గరకి వంగి
ఆ కళాసి జోకు చెప్పాను,
గుర్తున్నంత మేరకు.

కాసేపటికి పెదవి కదిలింది.
"చివర తప్పు చెప్పావు," అన్నాడు, నాలుక ఇంకా మడత పడుతూ.

మంచానికి రెండువైపులా కడ్డీలు పైకి లాగి
గొళ్లెం పడిందో లేదో చూసి
"అయితే నువ్వు చెప్పు," అన్నాను.