ధర్మం ఖాతా

ఆదోని యార్డుకు పదకొండింటికి కరెంటొచ్చింది.
చన్నబసప్ప మండీలో పాత కంప్యూటరు
దగ్గి, గొంతు సవరించుకుని లేచింది.
నా ప్రోగ్రాము మాత్రం లేవలేదు.
ఒక్క వాక్యం చెప్పి పడుకుంది:
ఫలానా లైబ్రరీ దొరకలేదు.

రాత్రి మా ఇంట్లో బాగానే నడిచిందే, అన్నాను.
కాటా ఉరుకుందప్ప బీడీ ఆర్పి నవ్వినాడు.
"మీ ఇంటి తూకం మీ ఇంట్లోనే, రిజ్వానమ్మా.
ఈడికొచ్చినాక ఈడి కాటా."

నేను రాసింది తొమ్మిది వందల లైన్లు:
బరువు, తేమ శాతం, లాటు నంబరు, పట్టీ.
తేదీ కోసం ఒకరిని పిలిచాను.
ఆయన ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు,
ఆ ఇద్దరూ తలా నలుగుర్ని.
పత్తి బండికి ఒక్క రైతును రమ్మంటే
తోలేవాడూ, వాని బామ్మర్దీ,
బామ్మర్ది చంకలో పిల్లోడూ దిగినట్టు.
లెక్కపెడితే నూట నలభై మూడు మంది
నా తొమ్మిది వందల లైన్ల కింద
భుజమిచ్చి నిలబడున్నారు.
ఒక్కరి మొహమూ ఎరగను.

అందులో ఇద్దరికి పడలేదు.
ఇద్దరికీ కావలసింది ఒకే మనిషి;
ఒకరికి ఇరవయ్యేళ్ళప్పటివాడు,
ఇంకొకరికి అదే మనిషి నలభయ్యేళ్ళకు.
ఒక్క గదిలో ఇద్దరినీ ఎట్ల కూర్చోబెట్టేది?
మూడు రాత్రులు అదే పంచాయితీ.

నాలుగో రోజు ఉరుకుందప్ప
ఇరవై కిలోల రాయిని బోర్లించి చూపినాడు.
అడుగున చిన్న గుంట, గుంటలో సీసం,
సీసం మీద ముద్ర, ముద్రలో సంవత్సరం.
"రాయి రాయే గానీ, పోయినేటిది ఈ ఏటికి చెల్లదు.
ముద్ర సూడకుండా నేనైతే ఎత్తను."

ఇంటికెళ్ళి నూట నలభై మూడింటినీ బోర్లించాను.
పేరు, ఎన్నో వెర్షను, దాని ముద్ర,
ఒక ఫైలులో వరసగా రాసి తాళం వేశాను.
ఎక్కడో ఒక్క అక్షరం అరిగినా
ఇక అది కాటా ఎక్కదు.

అన్నిటికంటే అడుగున దొరికిందొకటి.
నెల పేరును మూడక్షరాలకు కుదించే
పదకొండు లైన్లు, అంతే.
రాసినతను ఆరేళ్ళ కిందట
తలుపు మీద చీటీ అంటించి పోయాడు:
నాకిక ఓపిక లేదు, కావలసినవాళ్ళు తీసుకోండి.
ఏ ఊరో, ఏం కష్టమొచ్చిందో.
తీసుకున్నాను. నా సంచిలోనే పెట్టుకున్నాను,
అతని పేరు చెరపలేదు.

జిన్నింగు మిల్లులో బేలు నొక్కినట్టు
అందరినీ నొక్కి ఒకే కట్ట కట్టాను,
ఎక్కడ విప్పినా
మళ్ళీ ఎవరి గడపా తొక్కకుండా.
చేసే పని గుప్పెడు,
మోసే మూట రెండు వందల మెగాబైట్లు.
పెన్‌డ్రైవు కొంగుకు ముడేసుకుని బస్సెక్కాను.

నడిచింది.
లాటు నాలుగొందల పదిహేడు, మొదటి పట్టీ
కీచుమంటూ ప్రింటరులోంచి దిగింది:
కమీషను, హమాలీ, కాటా కూలి, సెస్సు.
చన్నబసప్ప అద్దాలు పెట్టుకుని
అన్నీ నొక్కి నొక్కి చూసి
చివరి పేజీ దగ్గర ఆగినాడు.
"ఈ పేర్లన్నీ ఎవురివమ్మా?"
చెప్పాను.
"ఈళ్ళకు బస్తాకు ఎంత?"
ఏమీ లేదప్పా.
"హమాలీకి ఉండాది. చీపురు పట్టే ముసిల్దానికీ ఉండాది.
ఈళ్ళకు ఏమీ లేదా?"

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత మెల్లగా,
"మా అబ్బ కాలంలో పట్టీ అడుగున ఒక లైనుండె.
ధర్మం, బస్తాకు అర్ధణా.
యాడికి పోతాదో ఇచ్చే రైతుకు తెలీదు.
ఇది తిరగబడినట్టుండాదే,
యాన్నుంచి వస్తాదో తీసుకునే మనకు తెలీదు."

ఆ లైను పెట్టమంటావా, అన్నాను.
"పెట్టు."
అంకె?
యాపారి కదా, లోపలే లెక్క కట్టినాడు.
"ఇప్పటికి సున్నా పెట్టు. పేరు మాత్రం ఉండనీ."

ఉరుకుందప్ప అప్పటికే
తర్వాతి లాటును కేకేసినాడు.
తేమ పన్నెండు.
కాటా ముల్లు ఇంకా ఊగుతోంది.