కీ ఇచ్చి వచ్చాను

నూషాటెల్‌లో రైలు దిగేసరికి వాన.
గొడుగు దులిపి గుమ్మం బయటే ఆనించాను.
లోపల తివాచీ.
అడుగుల చప్పుడు తాకట్టు పెట్టుకుని
మనిషిని మాత్రం రానిచ్చే అంగడి.

కుర్రాడి పేరు బాస్టియన్, కోటు మీద రాసుంది.
నా బూట్లను చూడనట్టు చూశాడు. మంచి పెంపకం.
"ఆడవాళ్ళకైతే ఇవి మేడమ్, బ్యాటరీవి,
రోజూ కీ ఇచ్చే బాధ ఉండదు" అన్నాడు.
ఆ బాధే కావాలన్నాను.

తెల్ల తొడుగులు వేసుకుని
పురిటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.
ఇరవై ఆరు మిల్లీమీటర్లు.
డయలు మీద నీలం,
జనవరిలో పనికి బయల్దేరే వేళ మంచు మీద ఉండే నీలం.
చుట్టూ వజ్రాలు.
వాటితో నాకు పేచీ లేదు, అవి టైము చెప్పవు.

ఎడమ చేయి చాపాను.
మణికట్టు లోపల స్పిరిట్ దీపం కాల్చిన పాత మచ్చ.
తోలు పటకా సరిగ్గా దాని మీదే కూర్చుంది.
ఆఖరి రంధ్రంలో పెట్టినా వదులే.
చిక్కింది నేను.

అతను అద్దం జరిపాడు.
నేను చెవికి ఆనించుకున్నాను.
చప్పుడు లేదు.
పదీ పది దగ్గర ఆగిపోయి, ముస్తాబై, నిద్రపోతోంది.
"ఉండండి మేడమ్, నేను..." అనేలోపు
నా వేళ్ళు మర దొరకబుచ్చుకున్నాయి.

లె లోక్ల్‌లో, ఉత్తరపు కిటికీ దగ్గర, ముప్ఫై ఒక్క ఏళ్ళు.
ఎడమన హ్యూగెట్, కుడిన నేను.
ఆ స్ప్రింగు పక్కన పెడితే తలవెంట్రుక మోకు.
పట్టకారుతో దానికి వంపు నేర్పేవాళ్ళం, ఊపిరి బిగబట్టి.
ఒక్క తుమ్ముకి పూట కూలి ఎగిరిపోయేది.
ఆడవాళ్ళ గడియారాలన్నీ మా బల్లకే వచ్చేవి,
చిన్న వేళ్ళు కదా అని.
చిన్న వేళ్ళకు చిన్న జీతమని
ఆఫీసులో ఎవరో లెక్క కట్టే ఉంటారు.

ఒక్కటీ చేతికి పెట్టుకోలేదు. చెమట అంటుతుందని నియమం.
హ్యూగెట్ పెట్టుకుంది ఒకసారి,
భోజనాల వేళ, మరుగుదొడ్లో, గడియ వేసుకుని.
ఎలా ఉందే అంటే
"చల్లగా ఉండింది. తర్వాత లేదు" అంది.
అంతకు మించి చెప్పలేదు, చనిపోయేదాకా.

ఇరవై రెండు, ఇరవై మూడు...
వేలి కింద మర బిగిసింది.
సెకనుకు ఎనిమిది దెబ్బలు. మా కాలంలో ఐదే.
తొందర మనిషి. అయినా నడక తిన్నన.
ఎవరో ఊపిరి బిగబట్టే ఉంటుంది దీనికీ.

ధర కాగితం బోర్లించి జరిపాడు.
తిప్పి చూశాను.
పింఛను నెలల్లోకి మార్చబోయి
ముప్పావు దారిలో మానేశాను.

అప్పటికి అది చల్లగా లేదు.

స్టేషను గడియారం చూసొచ్చిన టైము పెట్టి, విప్పి ఇచ్చాను.
"ఆలోచించుకుంటారా మేడమ్?"
అయిపోయింది, బాబూ.

ఇవాళ శనివారం. సాయంత్రం నాలుగు.
నిండా కీ ఇస్తే నలభై గంటలు.
రేపు సెలవు, షట్టర్లు దించి ఉంటాయి.
వెల్వెట్ పెట్టెలో, చీకట్లో, ఎవరికీ కాకుండా
కొట్టుకుంటూ ఉంటుంది
సోమవారం పొద్దున ఎనిమిదిదాకా,
మేం బల్లల ముందు కూర్చునే వేళదాకా.

బయట గొడుగు లేదు. ఎవరో పట్టుకుపోయారు.
ఎడమ చేయి జేబులో పెట్టుకుని నడిచాను,
తడవకుండా.