కన్ను అంటు

పంతొమ్మిదో దినం.
నాంపల్లి నర్సరీల, గ్రీన్ నెట్ కింద
జంబేరి మొక్క తోలు కోసి
బత్తాయి కన్ను దోపి పట్టీ చుడుతున్న.
పొద్దుగాల చెయ్యి వణకలే.
పది గంటలకు వణికింది.
కత్తి పక్కకు పెట్టి
తడిమట్టిల వేళ్లు గుచ్చి కూసున్న
అది పొయ్యేదాంక.

జహంగీర్ మామ చూసిండు, ఏమనలే.
ఛాయ్ చెరి సగం పోసిండు.

ఆ మూల వరుస
నేను మానిన దినం కట్టింది.
కట్లన్నీ వంకరనే.
విప్పి చూడాలని పానం గుంజుతది
పట్టిందా, నల్లవడ్డదా?
నేర్చుకునేటప్పుడు గట్లనే తెల్లారి విప్పి
ఎన్ని కండ్లు చంపిన్నో.

రాత్రిళ్లు నన్ను సుత విప్పుకుంటున్న.
నడిజాము లేసి నాలుక తడుముకుంట
పోయిందా ఆ దూప?
మలుపు కాడ బెల్టు షాపు
నన్ను పేరు పెట్టి పిలుస్తది.
సైకిల్ దిగుత లేను.
నమ్మకం అనను దాన్ని.
కాళ్లు తొక్కుతున్నయి, గంతే.

"పదేండ్ల చెట్టుకు సుత
కింద నుంచి జంబేరి చిగురు లేస్తది
కనవడ్డప్పుడల్లా గిల్లు" అన్నడు మామ
గ్లాసు కడుక్కుంట.

ఇంట్ల నవనీత
నా నీళ్ల సీసా మూత తీసి
ఇంకా వాసన చూస్తది.
నిన్న రాత్రి సుత చూసింది.
చూసి,
ఎత్తి గటగట తాగింది.
నాకు రెండు గుక్కలు మిగిలిచ్చింది.

ఆ వరుస
ఎల్లుండి దాంక విప్ప.