రెండు మార్కుల ప్రశ్న

వారం రోజులుగా పొయ్యిలో పిల్లి లేవలేదు.
మీట తిప్పితే ఓవెన్‌లో లైటు వెలుగుతుంది,
వెనకాల ఫ్యాను హాయిగా గుర్రు పెడుతుంది.
అదే ఆ పిల్లి, అంటుంది మేదిని.
వేడి మాత్రం లేదు.
గంట గడిచినా బంగాళాదుంపలు
పెట్టినవి పెట్టినట్టే, తెల్లమొహాలు వేసుకుని.

స్టాక్‌పోర్ట్‌లో మెకానిక్ గడప తొక్కితేనే డెబ్బై పౌన్లు.
ఫోన్‌లో అతని గొంతు నిండా జాలి:
"పదకొండేళ్ళదా? కొత్తది కొనుక్కో, లవ్."
ఆ చివరి మాటకే నాకు పంతం వచ్చింది.

తలుపు చట్రం మీద, జిడ్డు అడుగున, మోడల్ నంబరు.
వంటసోడాతో రుద్దాను. అది చదివింది, నేను రాసుకున్నాను.
"బి" అంటే "డి" అని విన్నాను.
వచ్చిన రింగు చెవులు అరంగుళం ఎడం.
తిప్పి పంపి మళ్ళీ తెప్పించాను:
పద్దెనిమిది పౌన్లు, ఇంకో నాలుగు రోజుల బ్రెడ్డు.

శనివారం పొద్దున్న, గోడ మీది ఎర్ర స్విచ్ ఆపాను.
మెట్ల కింద ఫ్యూజు పెట్టెలోనూ ఆపాను.
అయినా ఓసారి మీట తిప్పి చూశాను.
లైటు లేదు. పిల్లి లేదు.
మోకాళ్ళ మీద కూర్చుని భుజాల దాకా లోపలికి దూరాను.

వెనక రేకుకి నాలుగు మరలు. మూడు మాట విన్నాయి.
నాలుగోదానికి నువ్వులనూనె పోశాను,
పార్వతీపురం తిట్లు తిట్టాను.
వచ్చింది. దేనికి వచ్చిందో చెప్పలేను.

రేకు తీస్తే రింగు. ఒకచోట పగిలి నోరు తెరిచింది.
ఆ నోట్లోంచి వెంట్రుకంత చుట్టల తీగ.

నిక్రోమ్.
పదో తరగతి, భౌతికశాస్త్రం:
తాపన పరికరాలలో నిక్రోమ్ తీగనే ఎందుకు వాడుదురు?
నిరోధకత ఎక్కువ, ద్రవీభవన స్థానం ఎక్కువ,
ఎర్రగా కాలినా తొందరగా ఆక్సీకరణం చెందదు.
రెండు మార్కులు. రెండూ నాకే వేశారు.
తీగ ముక్క అద్దాల బీరువాలో,
బీరువా తాళం హెడ్మాస్టారి జేబులో,
హెడ్మాస్టారు ఎప్పుడూ ఏదో మీటింగులో.
"చూసింది చాలు, ముట్టుకుంటే విరుగుతుంది"
అన్నారు జగ్గారావు మాస్టారు,
అద్దానికి ముక్కు ఆనించిన నన్ను చూసి.

ముప్పై ఏళ్ళకి ముట్టుకున్నాను.
ఆయన మాట నిజమే. విరిగే ఉంది.

రెండు వైర్లు. వదిలితే కన్నంలోంచి వెనక్కి జారిపోతాయి,
ఇక ఓవెన్ మొత్తం బయటికి లాగాల్సిందే.
ఒకటి జారుతోంది కూడా.
టార్చి పట్టుకున్న మేదిని, అడగకుండానే,
బట్టల క్లిప్పు తెచ్చి ముక్కు పట్టేసింది దానికి.

పక్కింటి మౌరీన్ రైల్వే సిగ్నళ్ళు బాగుచేసి రిటైరైన మనిషి.
ఆమె ఇచ్చిన మీటరు ముల్లు
పాత రింగుకి ఆనిస్తే కదల్లేదు.
కొత్తదానికి ఇరవై మూడు ఓమ్‌లు.
రెండు వందల ముప్పైని రెండు వందల ముప్పైతో హెచ్చించి
ఇరవై మూడుతో భాగిస్తే, పార్సిల్ అట్ట వెనక వేశాను లెక్క,
రెండు వేల మూడు వందల వాట్లు.
అట్ట తిప్పితే అచ్చులో అదే అంకె.
"చూడవే, చూడు!" అని అరిచాను.
"అట్ట మీద ఉందిగా," అంది. "మళ్ళీ ఎందుకు లెక్క?"

స్విచ్ వేశాక ముందు కొత్త ఇనుము కమురు,
తర్వాత పొగ గంట గోల.
కిటికీ తీస్తే వాన, వంతెన మీద మాంచెస్టర్ బండి,
గోడవతల మౌరీన్ చప్పట్లు.
అద్దం వెచ్చబడింది.
అరచెయ్యి ఆనించి అలా ఉండిపోయాను,
ఇక ఆనించలేనంత వరకూ.

"ఇది నేను ఉంచుకోనా?" పాత రింగు దాని చేతిలో.
ముట్టుకుంటే, అనబోయి ఆగాను.
"అంచు పదును. చూసి పట్టుకో."

నాలుగో మరకి తల అరిగిపోయింది.
మూడింటితోనే నిలబడింది రేకు.
అది నా స్వెట్టరు జేబులో ఉంది.
రేపు షాపుకి పట్టికెళ్ళాలి, సైజు చూపించడానికి.