ఇరవై ఒకటి

మేత బస్తా చీటీ వెనక రాసుకున్నా,
చెమటకి చెరిగిపోతే మళ్ళీ అరచేతిలో:
రెండొందల ఎనభై అయిదు, నలభై, ఇరవై ఒకటి.
నా పెండ్లి తేదీ కూడా ఇంత గట్టిగా గుర్తులేదు నాకు.

మినీ బైపాస్‌లో మొదటి అంగడి.
"ఇరవై ఒకటా?" అన్నాడు మౌలాలి,
పంక్చర్ తొట్టిలోంచి చెయ్యి తీయకుండానే.
"పదహారుండాయి, పదిహేడుండాయి,
ట్రాక్టరు వెనక చక్రానికి కావాలన్నా ఉండాది.
నీ కారు నెల్లూరు కోసం పుట్టింది కాదబ్బా."

నిజమే. బెంగుళూరులో ఎవరో మోజు తీరి అమ్మేస్తే
ముప్పై కౌంటు ధర మిద్దెక్కి కూర్చున్న ఏడాది
మా పెంచల్రెడ్డి కొన్నాడు.
నాలుగు వందల గుర్రాలంట లోపల.
మైపాడు రోడ్డులో బర్రెగొడ్ల వెనక
నాలుగు వందలూ తల వంచుకొని నడుస్తాయి.

చక్రం పెద్దది, రబ్బరు పలచన.
ఇనుముకీ నేలకీ నడుమ బెత్తెడే ఎడం.
గుంటల గట్టు మీద ఆల్చిప్ప పెంకు తగిలి
పక్కగోడ చీరుకుపోయింది
పంచె అంచు మేకుకి పట్టుకున్నట్టు.

చెన్నైకి ఫోన్ చేసినా.
ఆయనకొచ్చిన తెలుగూ నాకొచ్చిన అరవమూ కలిసి
ఒక దారికొచ్చేసరికి గంట.
వేసవి టైరుందంట, చలి టైరుందంట,
అన్ని కాలాలదైతే
దాని మీద కొండ బొమ్మ ఉంటదంట,
కొండ లోపల మంచుపువ్వు.
మంచు!
అల్లూరు కాడ ఐసు ఫ్యాక్టరీలో
రొయ్యల పెట్టెల్లోకి పారతో ఎత్తిపోసేది తప్ప
నేను చూసిందెప్పుడు?
దాని మీద జారినవి నా చెప్పులే.

అన్ని కాలాలంటే ఎన్ని సామీ?
రోహిణి కార్తెలో తారు కరిగి
చక్రాన్ని పోనీకుండా పట్టుకుంటది, అప్పులోడి మాదిరి.
కార్తీకంలో వాయుగుండం పడితే
ఇందుకూరుపేట కాడ ఏది రోడ్డో ఏది కాలవో
ఎదురొచ్చే బస్సు లైట్లే చెప్పాల.
మిగిలిందంతా ఉక్కపోత.
ఇంకో కాలం ఉండాది, పంచాంగంలో దొరకదు.
తెల్లమచ్చ వచ్చే కాలం.
రాత్రి ఏరేటర్లు బాగానే తిరుగుతుంటాయి,
తెల్లారి గుంట అంచున
పంటంతా ఎర్రగా తేలుతుంటది.
దానికి ఏ కంపెనీ టైరు చేసిందో నాకు తెలీదు.

"పంతొమ్మిది చక్రాలు ఏయిద్దాం రెడ్డీ,
రబ్బరు మందం, ధర సగం, గట్టు మీద భయం ఉండదు" అన్నా.
ఆయన అద్దంలోంచి చానాసేపు చూశాడు.
"కొనేవాడు ఇరవై ఒకటే ఉండాలన్నాడు వలీ."

కొనేవాడు.

అంటే వారం నుంచీ నేను యెతికింది
బండి నన్నొదిలి పోయేదానికి కాళ్ళు.
ఆ మాట ఆయన అనలేదు, నేను అడగలేదు.
ఏసీ కొంచెం తగ్గించాడు,
కిటికీ దించాడు,
పెన్నా బ్రిడ్జి మీద గాలి ఇద్దరికీ కొట్టింది.

అయినా యెతకడం మానలేదు, ఎందుకో.
ఒంగోల్లో దొరికాయి చివరికి,
గ్రానైటాయన కోసం తెప్పిస్తే ఆయన తీసుకోలేదంట.
తయారైన వారమూ ఏడాదీ
వేలితో తడిమి చదివినా,
బిడ్డకెన్ని నెలలని అడిగినట్టు.

కొత్త టైరుకి ఒంటినిండా సన్న రబ్బరు వెంట్రుకలు.
చీకట్లో డిక్కీలో చెయ్యి పెడితే
అచ్చం రొయ్య మీసాలు,
బతికున్న రొయ్యవి.
నెల్లూరొచ్చేదాకా ఆగినచోటల్లా ఒకసారి తాకినా.

పాతవి నాలుగూ నాకే వదిలేశాడు రెడ్డి.
గట్టు కోసుకుపోయిన కాడ
ఒకదాని మీద ఒకటి పేర్చి బురద కూరినా.
వారానికి పోయి చూస్తే
పైదాని బొక్కలో వాన నీళ్ళు,
నీళ్ళలో ఎండ్రకాయ పిల్ల ఒకటి,
అంచు పట్టుకొని
గుండ్రంగా తిరుగుతుండాది.