తండ్రి గడి

పెన్రిన్‌లో వాన పడటం లేదు,
ఊరికే గాలిలో తడి నిలబడి ఉంది.
ట్రెంబాత్ గారి గాజుటింటి తలుపు
భుజంతో నెడితే గానీ రాదు.
నేను మోసుకెళ్లింది ఒక ల్యాప్‌టాప్, అరడజను గుడ్లు.
ఆయనకు తొంభై ఒకటి.
ఒక చెవి పనిచేయదు, ఏదో చెప్పరు.

బెగోనియా ఆకు చూశారా ఎప్పుడైనా?
మధ్య ఈనెకు అటు సగం, ఇటు ముప్పాతిక.
మడత పెడుతున్నవాణ్ని ఎవరో పిలిస్తే
అలాగే వదిలి లేచిపోయినట్టు.
సరితూగని ఆ ఆకు మీద మనసు పడ్డవాళ్లం
లోకంలో కొన్ని వందలమందిమి ఉంటాం.
ఒకరి మొహం ఒకరికి తెలీదు.
అందరం కలిసి ఒకే పట్టీ రాస్తున్నాం:
ఏ మొక్క, ఎవరు పెంచారు, ఏ ఏడు,
ఆకు వెనక ఎరుపా, కాడకు నూగుందా,
విత్తనం మోసిన తల్లి ఎవరు,
పుప్పొడి ఇచ్చిన తండ్రి ఎవరు.
పగలు ఆసుపత్రిలో రక్తం గొట్టాలకు చీటీలు అంటిస్తాను,
రాత్రి ఈ గడులు నింపుతాను.
రెండింట్లోనూ పేరు తప్పితే ప్రమాదమే.

'లవ్‌డే' అనే మొక్క ఆయనదే.
వెండి మీద వంకాయ రంగు ఒలికినట్టుంటుంది.
డెబ్భై నాలుగు నాటి విత్తనం. తండ్రి గడిలో
పోటీల్లో పతకాలు కొట్టిన ఒక గొప్పింటి పేరు.
అది నమ్ముకుని మరో నలభై ఒక్క మొక్కలు పుట్టాయి
బ్రిస్బేన్‌లో, ఒహాయోలో,
ఎక్కడో ఒక పడవ ఇంట్లో కూడా.

"అది అబద్ధం," అన్నారాయన
గుడ్లు ఒక్కొక్కటే వెలుగుకేసి పట్టి చూస్తూ.
"కుంచెతో పుప్పొడి అద్దింది నేను కాదు.
తుమ్మెద."

ఇంటిపేరు కస్తూరివారు...
సామెత సగంలోనే నోట్లో ఆగిపోయింది.
ఇంగ్లీషులోకి తెద్దామంటే
గబ్బిలాల దగ్గర కూలబడుతుంది.

బెగోనియా ఆడపువ్వులో తుమ్మెదకు దొరికేదేమీ లేదు,
తేనె లేదు, పుప్పొడి లేదు.
మగపువ్వులాగే పసుపు మెలికలు తిరిగి కూర్చుంటుంది, అంతే.
పాపం అది వాలి,
మోసపోయానని తెలిసి లేచేలోపు
పని అయిపోతుంది.
పువ్వు తుమ్మెదను. ఆయన పట్టీని.
పట్టీ నలభై ఒక్క కుండీలను.

"సిగ్గేసింది.
పదేళ్లు కుంచె పట్టినా నాకు రానిది
ఒక పురుగు ఒక్క మధ్యాహ్నంలో..."

మరి ఇప్పుడెందుకు చెప్పడం?
వినబడని చెవి నావైపు తిప్పారు.
అడిగినందుకు కాక, తనకు తానే చెప్పుకున్నట్టు చెప్పారు:
హీటర్‌లో కిరోసిన్ వాసన పడక
ఆ రోజు కిటికీ తెరిచింది లవ్‌డే.
ఏడాది శ్రమ పాడైందని ఆమెను కేకలేశారు.
రెండు రోజులు మాటల్లేవు.
మరుసటి ఏడు ఆకు విప్పుకున్నాక
ఆమె పేరే పెట్టారు.
క్షమాపణ అనుకుని పెట్టారాయన.
బహుమతి అనుకుని తీసుకుందామె.
బతికున్నన్నాళ్లూ
ఎవరూ సరిదిద్దలేదు.

ఇంటికొచ్చి గడి తెరిచి
'తుమ్మెద' అని కొట్టాను. ఒప్పుకోలేదు.
తండ్రి అంటే మొక్కే కావాలట.
తుడిచేసి 'తెలియదు' అని పెట్టాను.
కింద నలభై ఒక్క వరుసల్లో
తాతలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.
చివర్న 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంటుంది,
ఎవరూ నింపరు.
అందులో రాశాను:
ఏప్రిల్ 1974. కిటికీ తెరిచినది, లవ్‌డే ట్రెంబాత్.

తెల్లారేసరికి ఒహాయోలో ఇద్దరు అలిగారు.
పడవ ఇంటాయన ఉలుకూ పలుకూ లేదు.
బ్రిస్బేన్ ఆవిడ ఒక్కర్తే అడిగింది,
ఆ కిటికీ ఏ దిక్కుకి అని.

కనుక్కుని చెప్తానన్నాను.
ఈపాటికి గుడ్లు కూడా అయిపోయుంటాయి.