కిటికీ మూయొద్దు

గ్రిమ్స్‌బీ రేవులో, చేపల గోదాముకి మేడమీద
మా ఆఫీసు గది.
కింద ఐసు పెట్టెల చప్పుడు.
పైన నేనూ, మోరీన్, పాత డెస్క్‌టాప్ ఒకటి.
దాని ఫ్యానుకి ఆయాసం,
కీబోర్డు సందుల్లో ఉప్పు.

తూకాల చీటీలు పదకొండేళ్లుగా కాగితం మీదే.
తడిసి, ఒకదానికొకటి అంటుకుని
సగం అంకెలు చేపల పాలు.
రాత్రి క్లాసులో నేర్చుకున్న నాలుగు ముక్కలతో
చిన్న ప్రోగ్రాం రాశాను.
అది నడవాలంటే ముందు సర్వరుండాలి.
దాని పేరు టామ్‌క్యాట్.
గండుపిల్లి.
"చేపల గోదాముకి పిల్లిని తెస్తున్నావా ఇందూ!"
మోరీన్ టీ ఒలకబోసుకుంది నవ్వి నవ్వి.

ముందు జావా దించాలి.
మా ఇంట్లో జావంటే
జ్వరమొచ్చిన రోజు గిన్నెలో పోసేది.
ఇదీ అలాగే దిగింది,
గుక్క గుక్కకీ ఆగుతూ.

మధ్యాహ్నం అరగంట విరామం.
ఒక చేత్తో శాండ్‌విచ్, ఒక చేత్తో మౌస్.
స్టార్టప్ మీద రెండుసార్లు నొక్కితే
నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని
కన్నుకొట్టి మాయమైంది.
మళ్లీ నొక్కాను, మళ్లీ కన్నుకొట్టింది.
నలభై ఆరేళ్లదాన్ని,
ఈ వయసులో నాకిదేం సరసం!

జావా ఇల్లెక్కడో నేను చెప్పలేదట.
జావా హోమ్ అని ఒక గడి,
అందులో చిరునామా రాయాలి.
రాశాను. ఊహూఁ.
చివర బిన్ అని ఒక ముక్క ఎక్కువ రాశానని
సాయంత్రానికి గాని కనపడలేదు.
ఇల్లెక్కడని అడిగితే
వంటగదిలో పొయ్యి చూపించినట్టు.

మర్నాడు కిటికీ నిలబడింది.
తెల్లటి అక్షరాలు గబగబా కురిశాయి.
వాటి మధ్య ఒక్క వాక్యం:
ఎనభై ఎనభై రేవులో ఇప్పటికే ఎవరో ఉన్నారు.

ఎవరా అని వెతికితే,
కీత్ ఎప్పుడో పెట్టించిన లేబుళ్ల ప్రోగ్రాం.
లేబుళ్ల మిషను పాడై ఆరేళ్లు.
అవతల మూడో నంబరు గట్టున
తుప్పుపట్టిన ట్రాలరు ఒకటుంది, అచ్చం ఇలాగే.
సముద్రంలోకి పోదు,
ఇంకో పడవని కట్టుకోనివ్వదు.
దాన్ని కదపమంటే కీత్
తన తండ్రి పేరు చెప్పి కళ్లొత్తుకుంటాడు.
నేనూ కదపలేదు.
సర్వర్ ఫైలు తెరిచి, ఒక్క అంకె మార్చి
ఎనభై ఎనభై ఒకటిలో లంగరేశాను.

బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టాను.
వచ్చింది పసుప్పచ్చ పిల్లి!
ఈ గదిలోంచి బయల్దేరి ఈ గదికే చేరింది ఆ పుట.
వడ్డించిందీ నేనే,
విస్తరి ముందు కూర్చున్నదీ నేనే.
కింద ఐసు కొడుతున్న డారెన్‌కి కూడా తెలీదు.
మోరీన్ చేతి తొడుగు విప్పి
మొదటి తూకం కొట్టింది:
హాడాక్, నలభై రెండు కిలోలు.
అది చెరిగిపోతుందేమోనని
ఇద్దరం కాసేపు చూస్తూ కూర్చున్నాం.

నల్ల కిటికీ మూస్తే సర్వరు చచ్చిపోతుంది.
అందుకని స్క్రీను అంచున పచ్చ చీటీ అంటించాను:
దయచేసి కిటికీ మూయొద్దు.

రాత్రి ఊడ్చడానికొచ్చే దనూతాకి
ఇంగ్లీషు కొంచెం కొత్త, మాట మాత్రం నిక్కచ్చి.

పొద్దున్న తలుపు తీస్తే
సముద్రం వైపు కిటికీ బార్లా తెరిచి ఉంది.
గది నిండా చలి,
చీటీలన్నీ నేల మీద,
కీత్ కుర్చీలో సీగల్ ఒకటి
మేనేజరులా తల తిప్పి చూసింది.

కీబోర్డు మీద తడి అడుగులు.
స్క్రీనులో నల్ల కిటికీ చెక్కుచెదరలేదు.
హాడాక్ కింద రెండో వరుస:
చేప పేరు లేదు,
బరువు ఆరులక్షల అరవై ఆరువేల కిలోలు.

తీసెయ్యబోయాను.
మోరీన్ నా చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ," అంది,
"ముందు కీత్‌కి చూపిద్దాం."